టికికీ అన్న గొంతు

పోయిన వారం బొంగురుని మనం మెట్ల మీద వదిలేశాం. పాపం, అరవై దాటిన మనిషి. ఒక పక్క మోకాళ్ళు, ఇంకో పక్క కోపం పీకుతుంటే, అన్న కూతురి పని గది ఉన్న మూడో అంతస్తుకి ఎక్కుతున్నాడు. కోపం ఎందుకంటే, పొద్దున్నే ఆ పిల్ల ఫోన్ చేసి, "బాబాయ్, నీ పాట ఇన్నాళ్ళూ తప్పు స్పీడులో తిరిగింది. సరిచేశాను. నువ్వొచ్చి విన్నాక గానీ కంపెనీకి పంపను," అని టక్కున పెట్టేసింది. పెద్దా చిన్నా లేదు ఈ కాలం వాళ్ళకి.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. బొంగురు అంటే 'తుప్పు' బ్యాండ్ పాటగాడు. అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. కుర్రతనంలో వాళ్ళ అన్న డ్రమ్ములు బాదుతుంటే, ఇతను మైకు మింగేసేలా అరిస్తే, 'కిటికీ' అనే ఒక్క పాట ఊళ్ళు దాటిపోయింది. ఇప్పుడు ఆ కాలం పంక్ పాటలన్నీ, అంటే గిటారు గోల మీద తిరుగుబాటు అరుపులన్నీ ఏరి 'గోల' అనే సంకలనం వేస్తున్నారు. పంక్ ఒక్కటే వస్తే పెళ్ళికి పెళ్ళికొడుకు ఒక్కడే వచ్చినట్టు ఉంటుందని చుట్టపక్కాల్లాంటి పాటల రకాలన్నిటినీ పిలిచారు. దానికి పెదనాన్న వరసయ్యే గరాజ్ రాక్, కడుపున పుట్టి తండ్రి మీదే కాలు దువ్విన హార్డ్‌కోర్, మేనత్త కొడుకు స్కా, ఎప్పుడూ ఓ మూల మొహం వేలాడేసుకుని కూర్చునే పోస్ట్-పంక్, అందరూ ఉన్నారు. పాత టేపులు బాగుచేసి ఈ బలగాన్నంతా వరసలో నిలబెట్టే పని అన్న కూతురిది. తెగిన టేపులు అతికించీ అతికించీ ఆమెకు 'అతుకులు' అనే పేరు ఖాయమైపోయింది.

సంకలనంలో మొదటి పాట 'కిటికీ'. ఆవిష్కరణ సభలో దాన్ని బొంగురే పాడాలి. గోడల మీద పోస్టర్లు ఎక్కేశాయి. అందులో బొంగురు బొమ్మ ఎంత పెద్దదంటే, మిగతా బ్యాండ్లవాళ్ళంతా అతని చెవి దగ్గర ఈగల్లా ఉన్నారు.

బొంగురు తలుపు తోసుకుని లోపలికి రాగానే, మెషీను తుడిచే స్పిరిట్ వాసన గుప్పుమంది. చిన్న గది. గోడలకు మందపాటి స్పాంజి. ఒక మూల, చెమ్మ పీల్చి జిగటగా మారిన పాత టేపుల్ని సన్నటి వేడి మీద ఆరబెట్టే పెట్టె. బల్ల మీద బ్లేడు, దూది, తెల్ల అతుకుపట్టీ. మధ్యలో బీరువా అంత టేపు మెషీను, దాని మీద రెండు చక్రాలు.

"ఏమే, నా పాటకి నడక నేర్పేంత దానివయ్యావా?" అన్నాడు, ఇంకా రొప్పుతూనే.

"ముందు కూర్చో బాబాయ్. నీళ్ళు తాగు."

"నీళ్ళు తర్వాత. ఏంటి ఆ స్పీడు గొడవ?"

"అరవకు. గొంతు మీద కాయలు కాశాయి, సభ దాకా మాట్లాడటం కూడా తగ్గించమన్నాడు డాక్టరు. అప్పుడే మర్చిపోయావా?"

బొంగురు కూర్చున్నాడు. నీళ్ళు కూడా తాగాడు. ఆ పిల్ల మొహంలో ఎప్పుడూ ఉండే కొంటెతనం ఇవాళ లేదు. అది గమనించాక అతని కోపం కాస్త వెనక్కి తగ్గి, ఆ ఖాళీలోకి ఏదో భయం వచ్చి కూర్చుంది.

"అప్పట్లో నాన్న అద్దెకు తెచ్చిన మెషీను గుర్తుందా?"

"గుర్తులేకేం? డొక్కు మెషీను. టేపు జారిపోతోందని మీ నాన్న దాని ఇరుసుకి జిగురు టేపు చుట్టాడు. ఆ తెలివికి మేమందరం చప్పట్లు కూడా కొట్టాం."

"ఆ తెలివే కొంప ముంచింది. ఇరుసు లావైతే టేపుని గబగబా లాగేస్తుంది. మీరు పాడుతుంటే టేపు పరిగెత్తింది. తర్వాత దాన్ని రికార్డు ఫ్యాక్టరీలో మంచి మెషీను మీద పెట్టారు. అది తన మామూలు నడకే నడిచింది. దాంతో పాట మందగించింది, శ్రుతి కిందికి దిగిపోయింది."

"నీకెలా తెలుసు? అప్పటికి నువ్వు పుట్టనే లేదు."

"పాట అడుగున గిటారు పెట్టెలోంచి కరెంటు మూలుగుతుంటుంది కదా. అది ఎక్కడైనా ఒకే శ్రుతిలో మూలుగుతుంది. మీ టేపులో మాత్రం కిందికి మూలుగుతోంది. మూలుగు సరైన చోటికి వచ్చేదాకా స్పీడు పెంచాను. అంతే."

బొంగురు పకపకా నవ్వాడు. అతని నవ్వు రంపం కోత. "పిచ్చిదానా, ఆ మందమే కదే పాటని నిలబెట్టింది! అందరూ తోక తెగిన కోతుల్లా గెంతుతుంటే 'తుప్పు' వాళ్ళు మాత్రం ఈడ్చి ఈడ్చి కొట్టారని ఎంత గొప్పగా రాశారు! ఆ ఈడ్పు చూసే కదా కుర్రాళ్ళు బ్యాండ్లు పెట్టారు. ఈడ్పు పంక్ అని ఓ శాఖే పుట్టింది."

"జిగురు టేపు కడుపున పుట్టిందన్నమాట."

"పుడితే పుట్టనీ, బిడ్డ బాగుంది కదా! ఇంతేనా? దీనికోసం నన్ను మూడంతస్తులు ఎక్కించావా?"

అతుకులు నవ్వలేదు. "ఇంతే అయితే ఫోన్లోనే చెప్పేదాన్ని," అని మీట నొక్కింది.

చక్రాలు తిరిగాయి. డ్రమ్ములు ఉరికాయి. ఎంత వేగం! అన్న చేతులు అవి. ఆ చేతులు పోయి ఏళ్ళయింది గానీ, గదిలో మళ్ళీ పాతికేళ్ళ కుర్రాడై బాదేస్తున్నాడు. బొంగురు పాదం తనంతట తనే ఆడింది. గిటారు వచ్చింది. అవునవును, అప్పట్లో ఇలాగే వాయించేవాళ్ళం, ఇలాగే చెమటలు కక్కేవాళ్ళం అనుకున్నాడు. కళ్ళు చెమర్చాయి కూడా. అప్పుడు గొంతు వచ్చింది.

"టికికీ తెరువు! టికికీ తెరువు! గాలి లేదు ఈ గదిలో!"

బొంగురు పాదం ఆగిపోయింది.

అది ఆడపిల్ల గొంతు. సన్నటిది కాదు, మెత్తనిదీ కాదు. నిప్పు మీద వేసిన ఉప్పులా చిటపటలాడుతోంది. అయినా ఆడపిల్లే, సందేహం లేదు. ఊపిరి తీసుకునే చోట, అరుపు విరిగే చోట, ఎక్కడ విన్నా ఆడపిల్లే. పైగా ఆ మాట. కిటికీని టికికీ అనే మనిషి ఈ లోకం మొత్తం మీద ఒక్కతే ఉంది.

ఆ టికికీ సంగతి చెప్పకపోతే మీకు దాని బరువు తెలియదు. పాటలో కిటికీ అని రాసుకుంటే, రికార్డులో టికికీ అని వచ్చింది. జనం వెర్రెత్తిపోయారు. అభిమానులు చొక్కాల మీద అచ్చేయించుకున్నారు. భాష గొంతు పట్టుకున్న తిరుగుబాటు అని ఒక పండితుడు వ్యాసం రాశాడు. బొంగురు కూడా ఏ పత్రికవాళ్ళు అడిగినా, "మాటని తలకిందులు చేస్తేనే గానీ ఇంటిని తలకిందులు చెయ్యలేం," అని గడ్డం నిమురుకుంటూ చెప్పేవాడు. చెప్పగా చెప్పగా తనే నమ్మేశాడు. నిజానికి ఆ మాట వాళ్ళ ఇంట్లోది. చెల్లెలికి చిన్నప్పటి నుంచి ఆ ఒక్క మాట తిరగబడేది. మామూలుగా ఉంటే కిటికీ అనే అనేది. కోపం వచ్చిందా, టికికీ. అన్నలిద్దరూ దాన్ని ఏడిపించడానికి కిటికీ పక్కన నిలబడి కావాలని తగువు పెట్టుకునేవాళ్ళు. రికార్డు మొదటిసారి విన్నప్పుడు తన నోట ఆ మాట ఎలా దొర్లిందా అని బొంగురు ఒక్క క్షణం ఆశ్చర్యపోయిన మాట నిజం. ఇంట్లో దాన్ని ఏడిపించే అలవాటే పాటలోనూ వచ్చిందనుకున్నాడు.

"ఆపు," అన్నాడు.

అతుకులు ఆపింది.

"స్పీడు పెంచితే ఎవడి గొంతైనా ఆడగొంతే అవుతుంది. నన్ను పరిగెత్తించావు, నేను పిల్లలా కూస్తున్నాను. ఇందులో వింతేముంది?"

"నేనూ అదే అనుకున్నాను బాబాయ్. అందుకే మీ రెండో రికార్డులోని పాట ఒకటి తీసి, దాన్నీ అంతే పెంచి చూశాను. అది నిజంగా నువ్వు పాడింది. విను."

ఇంకో మీట నొక్కింది. పంటినొప్పి వచ్చిన చిలకలాంటి గొంతు ఒకటి, లోకం మారాలి, లోకం మారాలి అని గింజుకుంది. అంత కంగారులోనూ బొంగురుకి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే అర్థం కూడా అయింది. పెంచితే తను మనిషిలా లేడు. ఇందాకటి గొంతు మాత్రం పెంచాకే మనిషైంది.

"ఇంకోసారి తగ్గించు," అన్నాడు. "మళ్ళీ మొదటి పాట."

అతుకులు స్పీడు మీట వెనక్కి తిప్పింది. ఆడపిల్ల గొంతు మెట్లు దిగినట్టు దిగింది, లావైంది, బొంగురుపోయింది. ఆ చివరికి వచ్చేసరికి లోకమంతా ఎరిగిన 'తుప్పు' పాటగాడు గదిలో నిలబడ్డాడు. మళ్ళీ పెంచింది. ఆడపిల్ల. మళ్ళీ తగ్గించమన్నాడు. తను. చంటిపిల్లాడు దీపం ఆర్పీ వెలిగించీ చూసినట్టు ఎన్నిసార్లు చేయించాడో. ప్రతిసారీ ఆ గొంతు అతని చేతిలోంచి జారిపోతూనే ఉంది.

"నేనూ పాడాను ఆ రోజు," అన్నాడు, బతిమాలుతున్నట్టు. "ఒట్టే! ప్రెస్సులో డ్యూటీ దిగి, చేతులకి సిరా కూడా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చాను. మైకు పట్టుకుని పాడాను. సిరా అంటిందని మెషీనువాడు తిట్టాడు కూడా."

"పాడావు బాబాయ్. కాదనట్లేదు, కానీ ఈ టేపులో అది లేదు. మరి నువ్వొచ్చేలోపు ఏం జరిగింది?"

బొంగురు కళ్ళు మూసుకున్నాడు. అద్దె షెడ్డు, రేకు తలుపు. తను తోసుకుని లోపలికి వచ్చేసరికి మైకు దగ్గర నిలబడిన చెల్లెలు పక్కకు తప్పుకుంది. మొహం ఎర్రగా ఉంది, జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది. "ఏం చేస్తున్నావే?" అని అడిగాడు. అన్నే జవాబు చెప్పాడు. "మెషీను పనిచేస్తోందో లేదో చూస్తున్నాం. ఏదో ఓ గొంతు కావాలి కదా, దాన్ని అరవమన్నాను." ఇంతే. ఇంతకు మించి ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

"దాని గొంతూ నా గొంతూ తేడా తెలియకుండా ఎలా పోయిందే నాకు?"

"టేపులో తన గొంతు తనకే కొత్తగా వినపడుతుంది, ఎవరికైనా అంతే. అదే మొదటిసారి కదా నీకు. రికార్డు మీద నీ పేరుంది. ఇది నేనే అనుకున్నావు."

అది నిజం. కానీ దాని తర్వాతి నిజం ఇంకా చేదు. దాన్ని అతుకులు చెప్పలేదు, బొంగురుకే తట్టింది. మొదటి కచేరీలో జనం, ఇది రికార్డులో ఉన్నట్టు లేదే, గొంతు పీలగా ఉందే అని ఈలలు వేశారు. రోషం వచ్చింది. ఇంటికెళ్ళి ఆ రికార్డు పెట్టుకుని, దాని పక్కన కూర్చుని, ఆ గొంతు వచ్చేదాకా అరిచాడు. నెలల తరబడి అరిచాడు. రక్తం ఉమ్మినా అరిచాడు. వచ్చింది చివరికి, ఆ బొంగురు. పేరు కూడా వచ్చింది. ఉన్న గొంతు మాత్రం పోయింది. తనదనుకున్న గొంతు కోసం తన గొంతు తనే కోసుకున్నాడు మహానుభావుడు.

లేచి మెషీను దగ్గరికి నడిచాడు. "సరైన స్పీడులో పెట్టు. నేనూ పాడతాను."

"వద్దు బాబాయ్, డాక్టరు..."

"పెట్టమన్నానా!"

పెట్టింది. డ్రమ్ములు ఉరికాయి. బొంగురు ఛాతీ నిండా ఊపిరి పీల్చుకుని, టికికీ అని అందుకున్నాడు. మొదటి మాట సగం పలికింది. రెండోదానికి గొంతులో ఏదో చినిగిన చప్పుడైంది, ఆపైన గాలి తప్ప ఏమీ రాలేదు. టేపులో ఆ పిల్ల మాత్రం ఆగకుండా, అలుపు లేకుండా పాడుకుంటూ పోయింది. బొంగురు బల్ల అంచు పట్టుకుని దగ్గాడు. కళ్ళలో నీళ్ళు దగ్గువో, ఏడుపువో అతనికే తెలియలేదు. అతుకులు మెషీను కట్టేసి వీపు నిమిరింది.

అప్పుడే ఫోన్ మోగింది. కంపెనీ ఆయన. 'కిటికీ' ఒక్కటే రావాల్సి ఉంది, అచ్చుకి అంతా సిద్ధం, చీకటి పడేలోపు పంపండి అంటున్నాడు. "పంపుతాను సార్," అని అతుకులు పెట్టేసి బాబాయి మొహంలోకి చూసింది.

"పాత స్పీడులోనే పంపెయ్," అన్నాడు బొంగురు. గొంతు కీచుమంటోంది.

"బాబాయ్..."

"నా మాట విను తల్లీ. నేను పెదవి మీద వేలు పెట్టుకోమంటే పెట్టుకునేదానివి కదా చిన్నప్పుడు. ఇదీ అంతే అనుకో. ఇన్నాళ్ళూ ఆ స్పీడులోనే తిరిగింది. ఇప్పుడు కొత్తగా ఏం మునిగింది?"

"అప్పుడు తెలియక తిరిగింది. ఇప్పుడు తెలిసి నా చేత్తో నేను పంపాలి."

"మీ నాన్న పేరు కూడా పోతుందే! ఆ టేపు డబ్బాలో పెట్టి పంపింది ఎవరు? మీ నాన్నే కదా."

"పొరపాటున పంపాడో, కావాలనే పంపాడో, వెళ్ళి అడిగే చోట లేడాయన," అంది అతుకులు. "రాత్రంతా అదే ఆలోచించాను. నాకూ నిద్ర లేదు బాబాయ్. నువ్వొక్కడివే అనుకోకు."

"మరి నన్నేం చెయ్యమంటావు? సభలో మైకు పట్టుకుని, అయ్యా, నేను కాదు, పాడింది మా చెల్లెలు, మీ చొక్కాలు విప్పెయ్యండి అని చెప్పమంటావా? ఆ ఒక్క పాట తప్ప నా దగ్గర ఇంకేం ఉందే? మిగతా రికార్డులన్నీ ఎవరు విన్నారు? అందులో గొంతు నాదే కదా, అందుకే ఎవరూ వినలేదు!"

గోడల స్పాంజి ఆ మాటని కూడా మింగేసింది.

"అత్తకి తెలుసంటావా?" అని అతుకులు అడిగింది.

బొంగురు ఉలిక్కిపడ్డాడు. అతనికి ఇంతవరకు ఆ ఆలోచనే రాలేదు. చెల్లెలు పక్క వీధిలోనే ఉంది. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే కొట్టు నడుపుతుంది. అన్న కచేరీ ఊళ్ళో ఎక్కడ జరిగినా వస్తుంది, వెనక వరసలో కూర్చుంటుంది. 'కిటికీ' మొదలవ్వగానే తల దించుకుంటుంది. ఆ తల దించుకోవడం ఇప్పుడు గుర్తొచ్చింది. తెలుసా దీనికి? తెలిసి, ఇన్నేళ్ళూ వెనక కూర్చుని, తన పాటని నేను ఖూనీ చేస్తుంటే చూసిందా? లోపల్లోపల నవ్వుకుందా?

"నువ్వేమైనా చెప్పావా?"

"చెప్పలేదు. కానీ నీ సభ కోటు ఇస్త్రీ అయిపోయిందట. నువ్వు ఇక్కడున్నావంటే తెచ్చిస్తానంది."

"ఇక్కడికా? ఇప్పుడా? బుద్ధుందా నీకు?"

మెట్ల మీద చెప్పుల చప్పుడు. వెనకాలే మాట కూడా వచ్చింది. "ఈ కోడలు పిల్ల ఆకాశంలో కాపురం పెట్టింది. కోటు ఇచ్చి దిగేసరికి నాకు పెన్షను వయసొచ్చేస్తుంది."

తలుపు తీసుకుని చెల్లెలు వచ్చింది. పొట్టి మనిషి. చేతులు ఆవిరికి కమిలి ఎర్రగా ఉన్నాయి. తోలు కోటుని హేంగరుకి తగిలించి, పసిపిల్లని మోసుకొచ్చినట్టు తెచ్చింది. ఇద్దరి మొహాలూ చూసింది.

"ఏంటి, దొంగలు పడ్డారా, మీరే దొంగలా?" అంది. "చిన్నన్నయ్యా, కళ్ళేంటి అలా ఉన్నాయి?"

"స్పిరిట్ వాసన," అన్నాడు బొంగురు.

"ఆఁ, స్పిరిటే. నేను నమ్మేశాను." కోటు మేకుకి తగిలించి, టేపు మెషీను వైపు చూసింది. "పాత టేపులా? మనవేనా? పెద్దన్నయ్య డ్రమ్ములు ఉన్నాయా అందులో? ఏదీ, ఒక్కసారి వినిపించవే."

అతుకులు కదల్లేదు. బాబాయి వైపు చూసింది. చెయ్యమంటే చేస్తుంది, వద్దంటే మానేస్తుంది. బొంగురు వద్దనే అనబోయాడు. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఇందాకటి అనుమానం లోపల తొలుస్తోంది. తెలుసా దీనికి, తెలియదా? తెలుసుకోకుండా ఇక ఒక్క పూట కూడా ఉండలేననిపించింది. తనే వంగి మీట నొక్కాడు. పాట మీద కాదు, చెల్లెలి మొహం మీద పెట్టాడు చూపు.

డ్రమ్ములకి ఆమె మొహం విప్పారింది. "పెద్దన్నయ్యే!" అంది. గిటారుకి తల ఊపింది. గొంతు రాగానే ఆమె చెయ్యి ఎగిరి నోటికి అడ్డం పడింది.

"ఓరి నాయనో," అంది వేళ్ళ సందుల్లోంచి. "ఇది నేను!"

బొంగురు చెయ్యి మీట మీదే ఉండిపోయింది.

"ఇది నేనే కదూ! మెషీను చూడటానికి నన్ను అరవమన్నాడు పెద్దన్నయ్య, అప్పటిది! చెరిపేశానన్నాడే నాతో! ఎక్కడ దొరికిందే నీకు?" నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది, రెండూ ఒకేసారి. "విను, విను, టికికీ అంటున్నాను! అయ్యో నా మొహం మండా! నా తప్పుని నువ్వు రికార్డులోకి ఎక్కించి నన్ను లోకమంతటి ముందు వెక్కిరించావు కదరా చిన్నన్నయ్యా. ఎంత ఏడ్చానో తెలుసా? నీతో నెల రోజులు మాట్లాడలేదు, నువ్వు గమనించను కూడా లేదు, అప్పటికే గొప్పవాడివైపోయావు."

"వెక్కిరించలేదే," అన్నాడు బొంగురు.

"పోనీలే, పాతబడిన ఏడుపు." ఆమె మెషీను దగ్గరికి జరిగి, పాట అయిపోయేదాకా తల ఒంచుకుని వింది. అయిపోయాక నిట్టూర్చింది. "చెబితే నవ్వుతావు. నాకూ పాడాలని ఉండేది. ఆ రోజు మైకు ముందు నిలబడ్డాక ఇంక నాకు వేరే పని వద్దనిపించింది. పెద్దన్నయ్యని అడగాలనుకున్నాను, నన్నూ బ్యాండులో చేర్చుకోమని. ఎలా అడగాలో అద్దం ముందు నిలబడి మాటలు కూడా కూడబలుక్కున్నాను. ఇంతలో నీ రికార్డు వచ్చింది. పెట్టుకుని విన్నాను."

"విని?" అంది అతుకులు.

"విని నోరు మూసుకున్నాను. అదీ పాటంటే! ఆ గొంతు! అరిస్తే కడుపులోంచి వచ్చింది. నేను ఏడు జన్మలెత్తినా అలా పాడలేననిపించింది. అది విన్నాక మళ్ళీ నోరు తెరిస్తే సిగ్గుచేటు. ఇంట్లో కూనిరాగం కూడా మానేశాను. అందుకే నువ్వు స్టేజి మీద అది పాడుతుంటే తలెత్తి చూడలేను చిన్నన్నయ్యా. అసూయ! ఈ వయసులో చెప్పుకోవడానికేం, అసూయే."

తెలిసి నవ్వుకుంటోందేమోనని భయపడ్డాడు ఇందాక బొంగురు. తెలిసి నవ్వినా బాగుండేది. తన గొంతు విని, అది అన్నదనుకుని, దాని ముందు తానెంత అని జన్మంతా నోరు కుట్టేసుకుంది పిచ్చిది. ఆవిరిలో చేతులు కాల్చుకుంటూ అందరి బట్టలూ ఇస్త్రీ చేసింది. తనేమో అదే గొంతు కోసం పీక తెగేలా అరిచి ఉన్నది పోగొట్టుకున్నాడు. జానెడు జిగురు టేపు ఇద్దర్నీ చెరో గోతిలో తోసేసింది.

చెప్పకపోతే? చెప్పకపోతే ఏమీ జరగదు. కోటు వేసుకుంటాడు, స్టేజి ఎక్కుతాడు. వెనక వరసలో ఇది తల దించుకుంటుంది. పోస్టర్లో బొమ్మ అలాగే ఉంటుంది. అతుకులు కూడా నోరు విప్పదు. ఆ పిల్ల కళ్ళు చూస్తే తెలుస్తోంది, ఇది నీ నోటి నుంచే రావాలి బాబాయ్ అంటున్నాయవి. ఒక్క మాట మింగేస్తే చాలు. ఇన్నేళ్ళూ ఎన్ని మింగలేదు!

"ఏమోనే కోడలా," అంటోంది చెల్లెలు, చెంగుతో మొహం తుడుచుకుంటూ, "ఇవాళ విన్నాక మాత్రం నాది మరీ అంత ఘోరంగా ఏం లేదనిపిస్తోంది. వయసులో ఉన్నప్పుడు మనల్ని మనమే ఎక్కువ తిట్టుకుంటాం కాబోలు." కుర్చీ లాక్కుని మెషీనుకి ఎదురుగా కూర్చుంది. మొహంలో ఆశ లాంటిదేదో తొంగిచూసి, అంతలోనే సిగ్గుపడింది. "ఒక పని చెయ్యవే. చిన్నన్నయ్య పాడింది కూడా పెట్టు. రెండూ పక్కపక్కన పెట్టుకుని విందాం. ఎంత తేడా ఉందో ఇప్పుడైనా తేల్చేసుకుంటాను."

అతుకులు చెయ్యి మెషీను మీంచి తీసేసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమే, పెట్టవేం?"

బొంగురు నీళ్ళ గ్లాసు అందుకుని ఓ గుక్క తాగి, చెల్లెలి ముందు మోకాళ్ళు నొప్పెట్టేలా కింద కూర్చున్నాడు.

"రెండోది లేదమ్మా," అన్నాడు.

"పోగొట్టారా?"

"కాదు. రికార్డులోకి అది ఎప్పుడూ ఎక్కలేదు. నువ్వు విని నోరు మూసుకున్నది ఇదే, మెల్లగా తిరిగి నా గొంతైంది."

చెల్లెలి పెదాల మీద నవ్వు అలాగే ఉంది, ఇంకా పోలేదు. ఒకసారి అన్నని చూసింది, ఒకసారి చక్రాల వైపు చూసింది.

"పెట్టు," అంది అతుకులుతో. "మళ్ళీ పెట్టు. ఈసారి రికార్డులో ఎలా ఉందో అలా పెట్టు."